పుస్తక ఒప్పందం: అడ్వాన్సు అంకె వెనకున్న లెక్క

అడ్వాన్సు అంటే రాతప్రతికి ప్రచురణకర్త కట్టిన ఖరీదని చాలామంది కొత్త రచయితలు అనుకుంటారు. నిజానికి అది రచయితకు రేపు రావాల్సిన రాయల్టీలోంచి, అంటే అమ్మకాల్లో ఆయనకు దక్కే వాటాలోంచి, ఇవాళే తీసి ఇచ్చే డబ్బు. పుస్తకం అమ్ముడవుతున్నకొద్దీ రచయిత వాటా ముందు, మైనస్‌లో మొదలయ్యే అడ్వాన్సు ఖాతాలో జమ పడుతుంది. ఖాతా సున్నాకి వచ్చాక అమ్ముడైన ప్రతుల మీదే కొత్త డబ్బు చేతికొస్తుంది. ఒకవేళ పుస్తకం ఆడకపోతే, మిగిలిన మొత్తాన్ని రచయిత తిరిగి కట్టక్కర్లేదు. అప్పుకీ అడ్వాన్సుకీ ఉన్న తేడా అదే. రాయడానికి పట్టే నెలలకు ఒక ఆసరా దొరుకుతుంది, అమ్మకాల భయం ప్రచురణకర్త నెత్తిన ఉంటుంది.

ఇంతవరకూ మంచి ఏర్పాటే. కానీ ఒప్పందం చేతికి రాగానే కళ్లన్నీ ఆ ఒక్క అంకె మీదే నిలిచిపోతాయి. రచయితకు ఆ పుస్తకం మీద మొత్తమ్మీద ఎంత వస్తుందో తేల్చేవి వేరే షరతులు: రాయల్టీని దేని మీద లెక్కిస్తారు, ఆ ఖాతాలో ఇంకేమేం కలుపుతారు, ఏ హక్కులు వెళ్లిపోతున్నాయి, అవి ఎప్పుడు వెనక్కి వస్తాయి. నన్నడిగితే ఆఖరిది అన్నిటికంటే ముఖ్యం. అడ్వాన్సు తక్కువైతే ఆ ఏడాది ఇబ్బంది పడతాం. హక్కులు వెనక్కి రాకపోతే పుస్తకమే పోతుంది.

ముందు లెక్క చూద్దాం. ఏ దేశపు డబ్బయినా లెక్క ఒకటే కాబట్టి ఉత్త అంకెలతోనే చెబుతాను. పుస్తకం వెల 400, రాయల్టీ 10 శాతం, అడ్వాన్సు 2,00,000 అనుకోండి. రాయల్టీని వెల మీద లెక్కిస్తే ప్రతికి 40 వస్తుంది. 5,000 ప్రతులు అమ్ముడైతే అడ్వాన్సు తీరుతుంది. అదే ఒప్పందంలో 'ప్రచురణకర్తకు అందిన నికర మొత్తం మీద 10 శాతం' అని ఉందనుకోండి. పంపిణీదారుకీ షాపుకీ కలిపి సగం కమిషన్ పోతే ప్రచురణకర్తకు అందేది 200. అందులో 10 శాతమంటే 20. ఇప్పుడు అడ్వాన్సు తీరాలంటే 10,000 ప్రతులు అమ్ముడవాలి. రెండు చోట్లా రాసి ఉన్నది '10 శాతం' అనే. అందుకే శాతం ఎంతని అడిగే ముందు, దేని మీద శాతమో అడగాలి. 'నికరం' అన్న మాట కనిపిస్తే అందులోంచి ఏమేం తీసేస్తారో ఒప్పందంలోనే రాయించుకోవాలి. షాపుల కమిషన్ తీసేయడం ఒక ఎత్తు, ప్రచార ఖర్చులూ గోదాము అద్దె కూడా తీసేయడం ఇంకో ఎత్తు.

ఆంగ్ల ప్రచురణ రంగంలో కొన్ని రేట్లు చాలాకాలంగా వాడుకలో స్థిరపడ్డాయి. అమెరికాలో పెద్ద సంస్థలు గట్టి అట్ట పుస్తకానికి మొదటి 5,000 ప్రతులకు వెల మీద 10 శాతం, తర్వాతి 5,000కు 12.5, ఆపైన 15 శాతం ఇవ్వడం మామూలు. పేపర్‌బ్యాక్‌కు 7.5 శాతం దగ్గర ఉంటుంది. ఈ-బుక్‌కు నికర రాబడిలో 25 శాతం. ఏజెంటు (రచయిత తరఫున ప్రచురణకర్తలతో బేరమాడే మధ్యవర్తి) ఉంటే రచయితకు వచ్చే ప్రతి చెల్లింపులోంచీ 15 శాతం, విదేశీ హక్కుల మీద 20 శాతం తీసుకుంటారు. ఇవి చట్టం పెట్టిన రేట్లు కావు, బేరంలో మారతాయి. బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి పనికొస్తాయి.

ఈ రేట్లలో కనిపించని క్లాజు (ఒప్పందంలోని షరతు) ఒకటుంది. ఎక్కువ కమిషన్ మీద అమ్మిన ప్రతులకు రాయల్టీ సగానికి తగ్గడమో, వెల మీద కాకుండా నికరం మీదికి మారడమో జరుగుతుందని అందులో రాసి ఉంటుంది. కమిషన్ 55 శాతం దాటితే రాయల్టీ సగమన్నారనుకోండి. పెద్ద కొనుగోలుదారుకు ఇంకాస్త కమిషన్ ఇచ్చి ఆ గీత దాటితే, ఆ భారంలో కొంత రచయిత వాటాలోంచి పోతుంది. అమ్మకాల్లో ఎక్కువ భాగం ఇలాంటి పెద్ద దుకాణాల ద్వారా జరిగితే ఒప్పందం మొదటి పేజీలోని 10 శాతం కాగితానికే పరిమితం. ఆ గీత ఎక్కడ గీశారో చూడకుండా సంతకం చేయకూడదు.

అడ్వాన్సు ఒక్కసారిగా రాదు. సంతకం రోజున కొంత, రాతప్రతి ఇచ్చి అది ఆమోదం పొందాక కొంత, పుస్తకం బయటికొచ్చాక కొంత, పేపర్‌బ్యాక్ వచ్చాకో ఏడాది గడిచాకో మిగతాది. మన 2,00,000 నాలుగు వాయిదాల్లో వస్తుందనుకుందాం. రాయడానికి రెండేళ్లు, అచ్చుకు ఏడాది, ఆఖరి వాయిదాకు మరో ఏడాది. ఏజెంటు వాటా 30,000 పోతే మిగిలేది 1,70,000. నాలుగేళ్ల మీద పంచితే ఏడాదికి 42,500. వార్తల్లో కనిపించే భారీ అడ్వాన్సులను కూడా ఇలా విడదీసి చూస్తేనే అసలు కొలత తెలుస్తుంది. రెండు వాయిదాలకు ఒప్పించగలిగితే అడ్వాన్సు అంకె పెరగకపోయినా రచయితకు మేలు జరిగినట్టే.

అడ్వాన్సు తీరని పుస్తకం ప్రచురణకర్తకు నష్టమని ఒక ప్రచారం ఉంది. చాలామంది రచయితలు దాన్ని నమ్మి, తామేదో తప్పు చేసినట్టు కుంగిపోతారు. పై పుస్తకాన్నే తీసుకుందాం. 5,000 ప్రతులు వేశారు, ప్రతికి అచ్చు ఖర్చు 60. అంటే 3,00,000. ఎడిటింగ్, ముఖచిత్రం, ప్రచారం అన్నీ కలిపి 1,50,000. అడ్వాన్సు 2,00,000. మొత్తం ఖర్చు 6,50,000. 3,500 ప్రతులు అమ్ముడైతే, ప్రతికి 200 చొప్పున 7,00,000 వచ్చింది. ప్రచురణకర్తకు 50,000 మిగిలింది. రచయిత ఖాతాలో జమ పడింది 1,40,000 మాత్రమే, ఇంకా 60,000 లోటు. ఒకే పుస్తకం ఒకరి లెక్కల్లో లాభం, ఇంకొకరి ఖాతాలో బాకీ. ఇందులో మోసమేమీ లేదు, రెండు లెక్కలూ వేరు, అంతే. అయితే 'మీ మొదటి పుస్తకం అడ్వాన్సే ఇంకా తీరలేదు' అంటూ రెండో పుస్తకానికి తక్కువ ఇవ్వజూపినప్పుడు ఈ తేడా తెలిసి ఉంటే బేరంలో గొంతు లేస్తుంది.

మామూలుగా ఏడాదికి రెండుసార్లు రాయల్టీ పత్రం వస్తుంది. దాన్ని దగ్గరగా చదివినవాళ్లు తక్కువ. ఒకటి విప్పి చూద్దాం. మొదటి వరుసలో పాత నిల్వ: మైనస్ 2,00,000. రెండో వరుసలో షాపులకు పంపిన ప్రతులు: 3,000. మూడో వరుసలో తిరిగొచ్చినవి: 400. నాలుగో వరుసలో 'రిజర్వు' పేరుతో పక్కన పెట్టినవి: 600. ఈ నాలుగో వరుసే కొత్తవాళ్లను తికమక పెడుతుంది. పుస్తక వ్యాపారంలో షాపులు అమ్ముడుపోని ప్రతులను వెనక్కి పంపే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఇవాళ పంపినవి రేపు తిరిగొస్తే రాయల్టీ ఎక్కువ ఇచ్చినట్టవుతుందని, ప్రచురణకర్త కొన్ని ప్రతులను ముందే లెక్కలోంచి తప్పిస్తారు. అది సబబే. కానీ ఎంత శాతం, ఎన్ని పత్రాల వరకు అన్న హద్దు లేకపోతే ఆ 600 ప్రతులు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి. రెండు మూడు పత్రాల తర్వాత రిజర్వు విడుదల చేయాలని ఒప్పందంలో ఉండాలి. ఇక మిగిలినవి 2,000 ప్రతులు, 40 చొప్పున 80,000. ఆఖరున అనువాద హక్కులు 60,000కు అమ్మారని, రచయిత వాటా 75 శాతం, అంటే 45,000 అని ఒక వరుస. కొత్త నిల్వ మైనస్ 75,000.

ఆ 45,000 రచయిత చేతికి రాలేదని గమనించండి. అనువాదం అమ్ముడైనందుకు సంతోషించే లోపే ఆ డబ్బు కూడా అడ్వాన్సు ఖాతాలోకి వెళ్లిపోయింది. అనువాద హక్కులు రచయిత దగ్గరే ఉండి, ఆయనో ఆయన ఏజెంటో స్వయంగా అమ్మి ఉంటే, ఆ 60,000లో ఏజెంటు వాటా పోను మిగతాదంతా అప్పుడే చేతికి వచ్చేది. ప్రచురణకర్తకు నిజంగా విదేశీ హక్కుల విభాగం ఉండి, అమ్మే సత్తా ఉంటే వాళ్లకు ఇవ్వడం తప్పు కాదు. ఆ విభాగమే లేని చిన్న సంస్థ 'ప్రపంచంలోని అన్ని భాషల్లో' హక్కులు అడిగితే మాత్రం ఎందుకని నిలదీయాలి. ఏళ్లు గడిచినా ఎవరికీ అమ్మకుండా అలమరలో పెట్టుకోవడమే జరుగుతుంది.

ఖాతా సంగతి వచ్చింది కాబట్టి నాకు బొత్తిగా గిట్టని షరతు ఒకటి చెప్పాలి: ఉమ్మడి ఖాతా. రెండు మూడు పుస్తకాలకు ఒకేసారి ఒప్పందం చేసుకున్నప్పుడు అన్నిటి అడ్వాన్సులనూ కలిపి ఒకే ఖాతాగా చూస్తారు. మొదటి పుస్తకం 60,000 లోటులో ఉంది. రెండోది బాగా ఆడి, తన అడ్వాన్సు తీర్చుకుని పైన 40,000 సంపాదించింది. విడి ఖాతాలైతే ఆ 40,000 రచయితది. ఉమ్మడి ఖాతా అయితే రచయితకు రూపాయి కూడా రాదు సరికదా, ఇంకా 20,000 లోటు కనిపిస్తుంది. అమ్మకాల భయం ప్రచురణకర్తదే అన్న అడ్వాన్సు మూలసూత్రాన్నే ఇది దెబ్బతీస్తుంది. మొదటి పుస్తకం లోటును రెండో పుస్తకం రచయిత జేబులోంచి పూడుస్తోంది. ఒప్పందంలో 'ప్రతి పుస్తకానికీ విడి ఖాతా' అన్న ఒక్క వాక్యం ఉంటే చాలు. ఆ వాక్యం కోసం అడ్వాన్సులో కొంత వదులుకోవాల్సి వచ్చినా నష్టం లేదంటాను.

అడ్వాన్సు తిరిగి ఇవ్వక్కర్లేదన్నాను గానీ దానికి మినహాయింపులున్నాయి. గడువుకు రాతప్రతి ఇవ్వకపోతే అడుగుతారు. అది న్యాయమే. ఇచ్చాక 'ఆమోదయోగ్యంగా లేదు' అని తిప్పికొడితేనే చిక్కు. ఆమోదం పూర్తిగా ప్రచురణకర్త ఇష్టమని రాసి ఉంటే, మార్కెట్ మారిందనో, ఎడిటర్ ఉద్యోగం మానేశారనో కూడా పుస్తకాన్ని వదిలించుకోవచ్చు. లోపాలేమిటో రాతపూర్వకంగా చెప్పాలి, సరిదిద్దడానికి గడువు ఇవ్వాలి, అప్పటికీ వద్దనుకుంటే ఆ పుస్తకాన్ని వేరేచోట అమ్ముకున్నాకే, ఆ వచ్చిన డబ్బులోంచే అడ్వాన్సు తిరిగివ్వాలి. ఈ మూడూ అడిగి రాయించుకోదగ్గవే. అసలు అడ్వాన్సు ఇవ్వకుండా రాయల్టీ శాతం పెంచే చిన్న సంస్థలు కూడా ఉన్నాయి, అవి నిజాయతీగా పనిచేస్తే మంచి దారే. రచయిత దగ్గరే అచ్చు ఖర్చు అడిగేవాళ్ల కథ వేరు. వాళ్ల రాబడి పాఠకుల నుంచి రావడం లేదు కాబట్టి పుస్తకం అమ్మాలన్న అవసరమూ వాళ్లకు ఉండదు.

అడ్వాన్సుల గురించి బహిరంగంగా మాట్లాడుకోవడం ఈ మధ్యే మొదలైంది. 2020 జూన్‌లో 'పబ్లిషింగ్ పెయిడ్ మీ' అన్న హ్యాష్‌ట్యాగ్ కింద ఆంగ్ల రచయితలు ఎందరో తమకు వచ్చిన అడ్వాన్సులను బయటపెట్టారు. నల్లజాతి రచయితలకూ తెల్లజాతి రచయితలకూ మధ్య ఉన్న అంతరం అందరి కళ్లముందుకు వచ్చింది. పెంగ్విన్ రాండమ్ హౌస్ అనే పెద్ద ప్రచురణ సంస్థ తన పోటీదారు సైమన్ అండ్ షుస్టర్‌ను దాదాపు 220 కోట్ల డాలర్లకు కొనబోతే 2021లో అమెరికా ప్రభుత్వం కోర్టుకెళ్లింది. పుస్తకాల ధరలు పెరుగుతాయని కాదు, పోటీపడే సంస్థలు తగ్గితే రచయితల అడ్వాన్సులు తగ్గుతాయన్నది ప్రభుత్వ వాదన. 2,50,000 డాలర్లు, ఆపైన అడ్వాన్సు పలికే పుస్తకాలను ఒక ప్రత్యేక మార్కెట్‌గా చూపింది. 2022 అక్టోబరు 31న కోర్టు ఆ కొనుగోలును ఆపేసింది. ఒక రాతప్రతికి ఇద్దరు ముగ్గురు పోటీపడితేనే అడ్వాన్సు పెరుగుతుందన్న సంగతి అలా కోర్టు తీర్పుకెక్కింది.

ఇక హక్కులు. మొదట చూడాల్సింది కాపీరైట్‌నే రాసిచ్చేస్తున్నామా, ప్రచురించుకోవడానికి లైసెన్సు ఇస్తున్నామా అన్నది. కాపీరైట్ రచయిత పేరునే ఉండాలి. ప్రచురణకర్తకు ఫలానా భాషలో, ఫలానా దేశాల్లో, ఫలానా రూపంలో, ఇన్నేళ్లపాటు అచ్చువేసి అమ్ముకునే అనుమతి ఇస్తే సరిపోతుంది. 1667 ఏప్రిల్ 27న ఆంగ్ల కవి జాన్ మిల్టన్ తన కావ్యం 'పారడైజ్ లాస్ట్'కు ప్రచురణకర్త శామ్యూల్ సిమ్మన్స్‌తో చేసుకున్న ఒప్పందం ఇప్పటికీ ఉంది. సంతకం రోజున 5 పౌండ్లు, మొదటి ముద్రణలో 1,300 ప్రతులు అమ్ముడయ్యాక మరో 5, తర్వాతి రెండు ముద్రణలకూ అదే పద్ధతి. ఆ రోజుల్లోనే వాయిదాలూ, అమ్మకాలకు ముడిపెట్టిన చెల్లింపూ ఉన్నాయన్నమాట. మిల్టన్ బతికుండగా అందుకున్నది మొత్తం 10 పౌండ్లు. 1680లో ఆయన భార్య మిగిలిన హక్కులన్నీ 8 పౌండ్లకు వదులుకుంది. ఆ తర్వాత ఆ కావ్యం ఎన్నిసార్లు అచ్చయినా ఆ కుటుంబానికి దక్కాల్సింది ఏమీ మిగల్లేదు.

ఒప్పందంలో రాయని రూపాలు ఎవరివన్న ప్రశ్న 2001లో న్యూయార్క్ కోర్టు ముందుకొచ్చింది. రాండమ్ హౌస్ పాత ఒప్పందాల్లో 'పుస్తక రూపంలో' అచ్చువేసి అమ్ముకునే హక్కు ఉంది. ఆ రచయితల్లో కొందరు తమ నవలల ఈ-బుక్ హక్కులను రోసెట్టా బుక్స్ అనే చిన్న సంస్థకు ఇచ్చారు. ఈ-బుక్ కూడా పుస్తకమేనంటూ రాండమ్ హౌస్ దావా వేసి, అమ్మకాలు ఆపమని కోరింది. 'పుస్తక రూపంలో' అన్న మాటలోకి ఈ-బుక్ రాదని కోర్టు భావించి, ఆపడానికి నిరాకరించింది. మరుసటి ఏడాది పై కోర్టు కూడా దాన్ని సమర్థించింది. అప్పటినుంచి ప్రచురణకర్తలు 'ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే అన్ని రూపాల్లో' అని రాయడంలో ఇంకా జాగ్రత్త పడుతున్నారు. రచయిత అదే జాగ్రత్తతో ఆ వాక్యాన్ని కొట్టేయించి, 'ఇక్కడ పేర్కొనని హక్కులన్నీ రచయితవే' అని రాయించుకోవాలి. కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడానికి పుస్తకాన్ని వాడుకునే హక్కు ఈ జాబితాలో తాజాది. 2024 నవంబరులో హార్పర్‌కాలిన్స్ అలాంటి వాడకానికి ఒక టెక్నాలజీ కంపెనీతో ఒప్పందం చేసుకుని, ఇష్టమున్న రచయితలే చేరవచ్చని చెప్పింది. అనుమతి అడిగి తీరాలన్న షరతును ఇప్పుడు రాసుకునే ఏ ఒప్పందంలోనైనా పెట్టించుకోవాలి.

కొన్ని క్లాజుల గురించి క్లుప్తంగా చెబితే చాలు. తర్వాతి పుస్తకాన్ని మొదట వాళ్లకే చూపాలన్న షరతు ఉంటే, జవాబుకు గడువు పెట్టించాలి, ఒకే రకం పుస్తకాలకు పరిమితం చేయాలి. పోటీ పుస్తకం రాయకూడదన్న షరతు రచయిత జీవనోపాధికే అడ్డం పడేంత విశాలంగా ఉండకూడదు. దావాలు పడితే ఖర్చంతా రచయితదే అన్న క్లాజు ఎలాగూ ఉంటుంది. నిరాధారమైన ఆరోపణలకు కాకుండా, కోర్టు తేల్చిన తప్పులకే అది వర్తించేలా చూసుకోవాలి. లెక్కల పుస్తకాలు తనిఖీ చేయించుకునే హక్కు ఎప్పుడూ వాడకపోయినా ఒప్పందంలో ఉండాల్సిందే.

హక్కులు వెనక్కి రావడం గురించి ముందే అన్నాను. ఇదేమీ ఈనాటి కోరిక కాదు. 1710 నాటి ఇంగ్లండు కాపీరైట్ చట్టమే 14 ఏళ్ల తర్వాత రచయిత బతికుంటే హక్కు తిరిగి ఆయనకే రావాలని, మరో 14 ఏళ్లు ఉండాలని చెప్పింది. అమెరికా చట్టం ప్రకారం 1978 నుంచి రచయిత ఇచ్చిన హక్కులను 35 ఏళ్ల తర్వాత ముందస్తు నోటీసుతో వెనక్కి తీసుకోవచ్చు. ఒప్పందంలో ఏం రాసుకున్నా ఆ హక్కు పోదు. భారతదేశపు 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 మరీ స్పష్టం: బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగా భావించాలి. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేలా లేనంతవరకు, అది రద్దయినట్టే. 'వేరేలా లేనంతవరకు' అన్నచోటే ప్రచురణకర్తల ఒప్పందాలు దూరతాయి. చట్టం ఇచ్చిన రక్షణను ఒక్క వాక్యంతో వదులుకున్నట్టవుతుంది.

పాత ఒప్పందాల్లో 'ముద్రణలో లేకపోతే హక్కులు రచయితకు వస్తాయి' అని ఉండేది. గోదాములో ప్రతులు అయిపోయి మళ్లీ వేయకపోతే లెక్క తేలిపోయేది. ఈ-బుక్ వచ్చాక, అడిగినప్పుడు ఒక్కో ప్రతి అచ్చువేసే యంత్రాలు వచ్చాక ఏ పుస్తకమూ ముద్రణలో లేకుండా పోవడం లేదు. ఏడాదికి ముగ్గురు కొన్నా అది 'దొరుకుతున్న' పుస్తకమే. కాబట్టి ఇప్పుడు కొలత అమ్మకాల్లో ఉండాలి: వరుసగా రెండు రాయల్టీ పత్రాల్లో ఇన్ని ప్రతులకంటే తక్కువ అమ్ముడైతే, లేదా రాయల్టీ ఇంత మొత్తానికి చేరకపోతే, రచయిత ఉత్తరం రాసిన ఆరు నెలల్లో హక్కులు తిరిగి రావాలి. అంకెలు బేరంలో తేలతాయి, క్లాజు మాత్రం ఉండి తీరాలి. సంస్థ మూతపడితే ఏమవుతుందన్నది కూడా అక్కడే రాయించుకోవాలి. లేకపోతే అప్పులిచ్చినవాళ్లు పంచుకునే ఆస్తుల జాబితాలో మీ పుస్తకం చేరుతుంది.

ఆ రోజు వచ్చినప్పుడు హక్కులు వాటంతట అవి నడిచి రావు. రచయితే ఉత్తరం రాయాలి. ఒప్పందం తేదీ, క్లాజు సంఖ్య, రాయల్టీ పత్రాల్లోని అంకెలు అందులో ఉండాలి. మిగిలిన ప్రతులను ప్రచురణకర్త అమ్ముకోవచ్చు గానీ కొత్తవి వేయకూడదు. అప్పటికే అమ్మిన అనువాద లైసెన్సులు వాటి గడువు వరకు సాగుతాయి, రచయిత వాటా వస్తూనే ఉంటుంది. ముఖచిత్రం, పేజీల కూర్పు సాధారణంగా ప్రచురణకర్తవే. వాటి ఫైళ్లు కొనుక్కునే వీలుందేమో అడగవచ్చు. ఇవన్నీ ఒప్పుకుంటూ, హక్కులు ఫలానా తేదీ నుంచి రచయితవేనని సంతకంతో ఒక జవాబు తెప్పించుకోవాలి. పుస్తకాన్ని మళ్లీ వేయబోయే కొత్త ప్రచురణకర్త రాతప్రతి కన్నా ముందు అడిగేది ఆ కాగితమే.